చీటీ రాసిచ్చాక

2005లో లాన్సెట్ పత్రికలో తిరువనంతపురం జిల్లా నుంచి ఒక అధ్యయనం అచ్చయింది. నోటి కేన్సర్‌ని ముందే కనిపెడితే చావులు తగ్గుతాయా అన్నది వాళ్ళ ప్రశ్న. 1996లో పని మొదలుపెట్టారు. 13 పంచాయతీ క్లస్టర్లు తీసుకుని, వాటిలో 7 చోట్ల 35 ఏళ్ళు పైబడినవాళ్ళ నోళ్ళు పరీక్ష చేయించారు. చూసినవాళ్ళు డాక్టర్లు కాదు. ఏదో ఒక డిగ్రీ చదివి, నోట్లో ఏం వెతకాలో శిక్షణ తీసుకున్న ఆరోగ్య కార్యకర్తలు. అలా 87,655 మంది నోళ్ళని కనీసం ఒక్కసారైనా చూశారు. 5,145 మందికి అనుమానించాల్సిన మచ్చో పుండో కనిపించింది. డాక్టరుకి చూపించుకోమని పంపారు.

వెళ్ళినవాళ్ళు 3,218 మంది. అంటే 63 శాతం.

ఈ అధ్యయనాన్ని ఎవరైనా ఉదహరించేటప్పుడు చావులు ఎంత తగ్గాయో చెబుతారు. అది చెప్పుకోవాల్సిన సంగతే, నేనూ ముందుముందు చెబుతాను. కానీ నా ఆలోచన మాత్రం ఆ మిగిలిన 1,927 మంది దగ్గర ఆగిపోయింది. ఇంటికొచ్చి నోరు చూశారు. ఏదో ఉందన్నారు. ఎక్కడికి వెళ్ళాలో చెప్పారు. ఇదంతా జరిగింది చదువుకీ ఆరోగ్యానికీ పేరున్న కేరళలో. అయినా ప్రతి వంద మందిలో 37 మంది వెళ్ళలేదు. వైద్య పరిభాషలో దీనికో మాట ఉంది: నాన్-కంప్లయన్స్. తెలుగులో చెప్పాలంటే, చెప్పిన మాట వినకపోవడం.

వినకపోవడం అంటే తప్పు విననివాడిదే కదా. ఆ మాటలోనే తీర్పు ఉంది. ఆ తీర్పు సరైనదేనా అన్నదే నా ప్రశ్న. ఒక మనిషికి "నీ నోట్లో ఏదో ఉంది, ఫలానా చోటికి వెళ్ళు" అని చీటీ రాసిచ్చాక, రాసినవాడి బాధ్యత ఎంతవరకు తీరినట్టు? ఆ మనిషి వెళ్ళకపోతే ఆ వెళ్ళకపోవడం ఎవరి ఖాతాలోకి వస్తుంది?

*

ప్రశ్నని గాల్లో వదిలేయకుండా, నేను దగ్గరగా చూసిన ఒక చీటీ గురించి చెబుతాను. మా కంపెనీ సీఎస్సార్ కార్యక్రమాల్లో భాగంగా హైదరాబాదు పడమటి వైపు కడుతున్న ఒక టవర్ల సైటులో, కూలీల రేకుల షెడ్ల మధ్య పళ్ళ క్యాంపు పెట్టారు. ఒక డెంటల్ కాలేజీ నుంచి కుర్చీ బిగించిన వ్యాను, ఒక ప్రొఫెసరు, నలుగురు హౌస్ సర్జన్లు వచ్చారు. నాది లాప్‌టాప్ ముందు కూర్చుని పేర్లు ఎక్కించే పని. షీటులో గడులు ఇవీ: పేరు, వయసు, సమస్య, చేసిన చికిత్స, రిఫర్డ్ - యస్/నో.

అరవయ్యేళ్ళకి దగ్గర్లో ఉన్న ఒకావిడ వచ్చింది. శ్రీకాకుళం వైపు మనిషి. కొడుకూ కోడలూ సెంట్రింగు పనిలో ఉన్నారు, ఈవిడ షెడ్డు దగ్గర మనవల్ని చూసుకుంటుంది. పన్ను సలుపుతోందని వచ్చింది. హౌస్ సర్జనమ్మాయి టార్చి వేసి పన్ను చూసి, తర్వాత అంగిలి చూసి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. "అమ్మా, చుట్ట ఎలా కాలుస్తారు మీరు? నిప్పు లోపల పెట్టుకునా?" అని అడిగింది. ఆవిడ సిగ్గుపడుతూ తలూపింది.

అడ్డపొగ. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్ళు, చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు. అందుకే అక్కడ జబ్బు అంగిట్లో మొదలవుతుంది. నోటి జబ్బుల పాఠ్యపుస్తకాల్లో దీనికి ప్రత్యేకంగా చోటుంది. ఆ అమ్మాయి పుస్తకంలో చదవడమేగానీ మనిషిని చూడడం అదే మొదటిసారట. అంగిలి తెల్లగా మందమెక్కి, ఒకచోట ఎర్రగా ఉంది. కేన్సరని చెప్పలేం, కాదనీ చెప్పలేం, పరీక్ష చేయాలి అంది ప్రొఫెసరుతో. పెద్దాసుపత్రికి చీటీ రాశారు.

ఆవిడ ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూసి నన్నడిగింది: "అక్కడికెల్తే ఎవుల్నడగాల బాబూ?"

నేను గేటు, ఓపీ కౌంటరు అంటూ ఏదో చెప్పాను. ఆవిడ ఇంకా అడిగింది. ఒక్కరోజులో అయిపోద్దా, మల్లీ రమ్మంటారా? నానొక్కర్తినీ ఎల్లగల్నా? పిల్లల్ని ఎవులు సూత్తారు? కోడలు ఒక పూట పని మానేస్తే మేస్త్రీ ఊరుకుంటాడా? ఒక్క ప్రశ్న కూడా జబ్బు గురించి కాదు. ఒక్కటి కూడా అనవసరమైనది కాదు. ఆ చీటీ మీద రాసినవాటిలో ఒక్కదానికీ జవాబు లేదు.

అప్పుడు ఆ హౌస్ సర్జనమ్మాయి చీటీ తీసుకుని వెనకవైపు తన ఫోన్ నంబరు రాసింది. "మంగళవారాలు నాకు అక్కడే పోస్టింగు అమ్మా. గేటు దగ్గరికొచ్చి ఎవరితోనైనా ఈ నంబరుకి ఫోన్ చేయించండి. నేనొచ్చి తీసుకెళ్తాను" అంది.

రెండో మంగళవారం ఆవిడ కోడల్ని తోడు తీసుకుని వెళ్ళిందని తర్వాత ఆ అమ్మాయే చెప్పింది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఇప్పటికైతే కేన్సర్ లేదనీ, చుట్ట మానేయాలనీ, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలనీ చెప్పారు. ఆ మూడు నెలలు నిండేలోపే ఆ టవరు పని అయిపోయింది. మేస్త్రీ తన మనుషుల్ని తీసుకుని వేరే సైటుకి వెళ్ళిపోయాడు.

షీటులో ఆవిడ పేరు ఎదురుగా 'యస్' అని ఉంది. నంబరు రాయని చీటీలు పట్టుకెళ్ళినవాళ్ళ పేర్ల ఎదురుగా కూడా 'యస్' అనే ఉంది. ఆ రెండు యస్‌లకీ మధ్య తేడా పట్టే గడి ఆ షీటులో లేదు. క్యాంపు రిపోర్టులోకి వెళ్ళింది యస్‌ల మొత్తమే.

*

నా వృత్తిలో ఇలాంటి తేడాని పట్టించుకోకపోతే ఉద్యోగం ఉండదు. ఒక కంప్యూటరు ఇంకో కంప్యూటరుకి సమాచారం పంపినప్పుడు, పంపానన్నది ఒక సంగతి, అందిందన్నది ఇంకో సంగతి. అవతలి నుంచి 'అందింది' అని కబురు వచ్చేదాకా పంపినవాడు ఆ పని పూర్తయిందనుకోడు. గడువులోగా కబురు రాకపోతే మళ్ళీ పంపుతాడు. ఇంటర్నెట్ ఈ మాత్రం అనుమానం మీదే నడుస్తోంది. దారిలో పోయేవి పోతాయి, కాబట్టి చూసుకునే పని పంపినవాడిది.

మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఈ బాధ్యతని తలకిందులు చేశాం. పంపినవాడు పంపగానే విముక్తుడు. దారిలో ఏది పోయినా తప్పు చేరనివాడిదే.

అన్ని రకాల జబ్బుల్లోనూ ఇది ఉండొచ్చు. నోటి విషయంలో మరీ ఎక్కువ. ఎందుకంటే మన వ్యవస్థలు నోటిని ఒంట్లోంచి ఎప్పుడో విడదీశాయి. ప్రపంచంలో మొదటి డెంటల్ కాలేజీ 1840లో బాల్టిమోర్‌లో మొదలైంది, వైద్య కళాశాలలో భాగంగా కాదు, విడిగా. ఆ విడాకులు ఇప్పటికీ కొనసాగుతున్నాయి. బ్రిటన్‌లో 1948లో అందరికీ ఉచిత వైద్యం తెచ్చినప్పుడు కట్టుడు పళ్ళు కూడా అందులోనే ఉండేవి. మూడేళ్ళు తిరిగేసరికి, 1951లో, కొత్తగా డబ్బు వసూలు చేద్దామనుకున్నవాటిలో అవే ముందున్నాయి, కళ్ళజోళ్ళతో పాటు. ఆ వ్యవస్థని నిలబెట్టిన అనూరిన్ బెవన్ దానికి నిరసనగా మంత్రి పదవి వదిలేశాడు. నాకు ఆఫీసు ఇచ్చే ఆరోగ్య బీమా గుండెకి ఆపరేషనైతే డబ్బు కడుతుంది. పన్ను మాత్రం ఏ ప్రమాదంలోనో విరిగితే తప్ప లెక్కలోకి రాదు. ఆయుష్మాన్ భారత్ ఆసుపత్రిలో చేరినవాళ్ళకి పనికొచ్చే పథకం, పుచ్చిపన్నుతో ఎవరూ ఆసుపత్రిలో చేరరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం నోటి జబ్బులున్నవాళ్ళు సుమారు 350 కోట్ల మంది. ఇంతమందికి ఉన్న జబ్బు ఇంత చిన్న విషయంగా ఎలా ఉండగలుగుతోందో!

భాష కూడా దీనికి సాయం చేస్తుంది. పంటి నొప్పే కదా అంటాం. కష్టాన్ని ఓర్చుకోవడాన్ని పంటి బిగువున భరించడం అంటాం, ఆ పన్నే నొప్పైతే ఏం బిగించాలో చెప్పం. అడగలేని జనాన్ని నోరు లేనివాళ్ళంటాం. ఈ చివరి మాట వాడినప్పుడల్లా మనం గొంతు గురించే ఆలోచిస్తాం. కానీ పేదవాళ్ళకి మొదట పోయేది నిజంగానే నోరు. ఒక్కో పన్నూ, ఒక్కో పన్నూ.

పైగా నోరు దాచుకోలేనిది. 1776లో ఆడమ్ స్మిత్ అవసరం అంటే ఏమిటో చెబుతూ నార చొక్కా ఉదాహరణ ఇచ్చాడు. బతకడానికి ఆ చొక్కా అక్కర్లేదు. కానీ అతని కాలపు ఐరోపాలో పరువైన రోజుకూలీ ఎవడూ అది లేకుండా నలుగురిలోకి రావడానికి ఒప్పుకోడు, కాబట్టి అది అవసరమే అన్నాడు. మన కాలపు నార చొక్కా పలువరస అనిపిస్తుంది నాకు. రిసెప్షన్లో, షోరూములో, ఇంటర్వ్యూలో, పెళ్ళిచూపుల్లో మొదట కనిపించేది అదే. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళని అడిగితే చెబుతారు. పన్ను తయారయ్యే చిన్నవయసులో తాగిన నీళ్ళ వల్ల వచ్చే గోధుమరంగు మరకలవి. తోమితే పోవు. తోమకపోవడం వల్ల వచ్చినవి కావు. 1930లలోనే ఇప్పటి ప్రకాశం ప్రాంతం నుంచి ఈ జబ్బు మన దేశంలో మొదటిసారి రికార్డయింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ఊళ్ళ నుంచి సిటీ హాస్టలుకి వచ్చిన పిల్లకి ఎదురయ్యే ప్రశ్న, "పళ్ళు తోముకోవా?"

ఈ ప్రశ్నలో జరుగుతున్నదేమిటో చూడండి. నీళ్ళు చేసిన పనిని పిల్ల చేసిన తప్పుగా మార్చేస్తున్నాం. చీటీ కూడా ఇదే పని చేయగలదని నా అనుమానం.

*

చీటీ ఇవ్వకముందు ఆ శ్రీకాకుళం ఆవిడ ఎవరు? జబ్బున్న సంగతి తెలియని ఒక పేదరాలు. రేపు ఏదైనా జరిగితే మనం అయ్యో అనుకుంటాం. దురదృష్టం అంటాం, ప్రభుత్వాన్ని తిడతాం, చదువు లేకపోవడాన్ని తిడతాం. చీటీ ఇచ్చాక ఎవరు? తెలిసీ వెళ్ళని మనిషి. ఇప్పుడు ఏదైనా జరిగితే మన నోట్లోంచి వచ్చే మాట వేరు: "చెప్పాం కదా, చీటీ కూడా రాసిచ్చాం, వెళ్ళకపోతే మనమేం చేస్తాం?"

ఆవిడ పరిస్థితిలో ఏమీ మారలేదు. అదే షెడ్డు, అవే రెండు బస్సులు, అదే మేస్త్రీ. మారింది ఒక్కటే. దురదృష్టం నిర్లక్ష్యంగా మారింది. మన దగ్గరున్న ఒక కాగితం ఆవిడ చేతిలోకి వెళ్ళింది, దాంతో పాటు నింద కూడా వెళ్ళింది. అందుకే దారి చూపించని రిఫరల్ సున్నా కాదని అంటున్నాను. దానివల్ల మంచి జరగకపోయినా నష్టమేం లేదులే అనుకోవడానికి లేదు. అది ఒక బరువుని ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తి మీదికి మారుస్తుంది. అదీ మోయగలిగినవాళ్ళ మీంచి మోయలేనివాళ్ళ మీదికి.

తెలుగులో బాధ్యత, నింద అని రెండు వేర్వేరు మాటలున్నాయి. బాధ్యత ముందుకు చూస్తుంది: ఇప్పుడేం చేయాలి, ఎవరు చేయాలి? నింద వెనక్కి చూస్తుంది: ఎవరు చేయలేదు? మంచి రిఫరల్‌లో బాధ్యత చేతులు మారుతుంది. ఒకరు వదిలేలోపు ఇంకొకరు పట్టుకుంటారు, మధ్యలో రోగి కింద పడడు. ఉత్త చీటీలో బాధ్యతని ఎవరూ పట్టుకోరు. చేతులు మారేది నింద ఒక్కటే.

*

దీనికి రెండు అభ్యంతరాలున్నాయి. రెండూ కొట్టిపారేసేవి కావు.

మొదటిది స్వేచ్ఛకి సంబంధించింది. ఆవిడ చిన్నపిల్ల కాదు. జబ్బు గురించి చెప్పాం, వెళ్ళడమా మానడమా ఆవిడ ఇష్టం. పేదవాళ్ళు కదా అని వెంటపడి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, పదిసార్లు ఫోన్లు చేయడం వాళ్ళని తక్కువ చేయడం కాదా? నేనూ మా డెంటిస్టు ఆర్నెల్లకోసారి రమ్మంటే వెళ్ళను, నన్నెవరూ ప్రశ్నించరు కదా?

ఇక్కడ అమర్త్య సేన్ ఇచ్చిన ఒక ఉదాహరణ పనికొస్తుంది. ఉపవాసం ఉన్నవాడూ తిండి లేనివాడూ ఇద్దరూ తినడం లేదు. బయటినుంచి చూస్తే తేడా లేదు. తేడా ఎక్కడుందంటే, మొదటివాడు తినాలనుకుంటే తినగలడు. నేను డెంటిస్టు దగ్గరికి వెళ్ళకపోవడం ఉపవాసం. ఫోన్లో ఆప్ తెరిస్తే సాయంత్రం ఏడుకి అపాయింట్‌మెంటు దొరుకుతుంది, కారులో వెళ్తాను, ఆ పూట జీతం కోతపడదు. ఆవిడ వెళ్ళకపోవడాన్ని కూడా 'ఇష్టం' అనాలంటే, ముందు వెళ్ళగలిగే స్థితి ఉండాలి కదా. ఎవర్ని అడగాలో తెలిసి, బస్సు ఖర్చుండి, పిల్లల్ని చూసేవాళ్ళుండి, అప్పుడు కూడా ఆవిడ "నాకొద్దు" అంటే, అది గౌరవించాల్సిన మాటే. అప్పుడు మనం మెదలకుండా ఉండాలి. అంతకుముందు మెదలకుండా ఉండడాన్ని గౌరవం అనడానికి మాత్రం మనసొప్పదు. చేతులు దులుపుకోవడానికి స్వేచ్ఛ అనే మాటని తువ్వాలుగా వాడుకోవడం అది.

వెంటపడడానికీ తోడుండడానికీ తేడా ఆ హౌస్ సర్జనమ్మాయి చీటీ వెనకాల ఉంది. ఆమె ఆవిడ నంబరు తీసుకోలేదు, తన నంబరు ఇచ్చింది. రావాలా వద్దా అన్నది ఆవిడ చేతిలోనే ఉంది. వస్తే మాత్రం గేటు దగ్గర ఒక మనిషి ఉంటుంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఇంత బరువు పెడితే ఇక క్యాంపులు ఎవరు పెడతారు? వంద మందికి చెబితే అరవై మంది వెళ్ళారు, ఆ అరవై మందికి మేలే కదా? అందరినీ గేటు దాకా తీసుకెళ్ళగలిగితేనే నోరు చూడాలంటే, అసలు ఎవరి నోరూ ఎవరూ చూడరు.

తిరువనంతపురం అధ్యయనం ఈ అభ్యంతరం పక్షానే సాక్ష్యం చెబుతుంది. 37 శాతం మంది వెళ్ళకపోయినా, పొగాకో మద్యమో అలవాటున్నవాళ్ళలో నోటి కేన్సర్ చావులు 34 శాతం తగ్గాయి. చిల్లులున్న బిందెతోనే అన్ని నీళ్ళు ఇంటికి చేరాయి. దీన్ని కాదనడం మొండితనం. కాబట్టి "తీసుకెళ్ళలేకపోతే చెప్పొద్దు" అన్నది నా వాదన కాదు. చెప్పాలి. చూడాలి. చీటీ రాయాలి.

కానీ బిందెకి చిల్లులున్నాయని తెలిసి మోయడం వేరు, కారిపోయిన నీళ్ళని తిట్టడం వేరు. ఆ పరిశోధకులు చేసిన గొప్ప పని ఒకటుంది: 3,218 అనే అంకెని లెక్కపెట్టారు, అచ్చువేశారు. పంపినవాళ్ళని మాత్రమే లెక్కపెట్టి ఊరుకోలేదు. మనం పెట్టే క్యాంపుల్లో ఎన్నింటికి ఆ రెండో అంకె ఉంటుంది? 'ఇన్ని వందల మందిని రిఫర్ చేశాం' అన్న బ్యానరు చూశాంగానీ, 'ఇంతమంది చేరారు' అన్న బ్యానరు నేనైతే చూడలేదు. రెండో అంకె మొదటిదానికన్నా ఎప్పుడూ చిన్నది, అది ఫొటోకి బాగుండదు. అయినా నిజం దాంట్లోనే ఉంటుంది.

*

చేర్చడానికి ఎంత పడుతుందో తెలియాలంటే ఒక అమెరికా ఉదాహరణ చూడాలి. 2007లో మేరీలాండ్ రాష్ట్రంలో 12 ఏళ్ళ అబ్బాయి ఒక పన్ను వల్ల చనిపోయాడు. చీము మెదడుకి పాకింది. 80 డాలర్లకి పీకేయగలిగిన పన్ను అది. రెండు ఆపరేషన్లూ, వారాల పాటు ఆసుపత్రీ, రెండున్నర లక్షల డాలర్లకి పైగా ఖర్చు తర్వాత కూడా పిల్లాడు దక్కలేదు. వాషింగ్టన్ పోస్ట్‌లో ఈ కథ రాసిన మేరీ ఆటో, తర్వాత 2017లో 'టీత్' అనే పుస్తకం తెచ్చింది. ఆ కథలో నన్ను పట్టుకున్న వివరం వేరే ఉంది. ఆ సమయంలో తల్లి నిజానికి ఇంకో కొడుకు పళ్ళ కోసం తిరుగుతోంది, అతనికి ఇంకా ఎక్కువ బాధగా ఉందని. పేదల ప్రభుత్వ బీమాని ఒప్పుకునే డెంటిస్టు దొరకడమే గగనం. ఆ ఒక్క అపాయింట్‌మెంటు సంపాదించడానికి తల్లితో పాటు ఒక లాయరు, ఒక హెల్ప్‌లైన్ సూపర్‌వైజరు, ముగ్గురు కేసు వర్కర్లు పనిచేయాల్సి వచ్చింది.

ఒక పిల్లాడి పళ్ళకి ఆరుగురు మనుషులు. రిఫరల్ అనే ఒక్క మాటలో ఇంత పని దాగుంది. దాన్ని మనం ఒక తల్లి, ఒక కాగితం చేయగలవని అనుకుంటాం.

మన దగ్గర ఆ ఆరుగురి పనీ చేయాల్సింది సాధారణంగా ఒక్కరే: ఆశ కార్యకర్త. 30 ఏళ్ళు దాటినవాళ్ళ ఇంటికెళ్ళి ఆమె నింపే పత్రంలో నోటి గురించి ప్రశ్నలున్నాయి. నోరు తెరవడం కష్టంగా ఉందా, రెండు వారాలైనా మానని పుండో మచ్చో ఉందా అని అడగాలి. అవునంటే పైకి పంపాలి. బాగున్న ప్రశ్నలే. పత్రం దాటాక ఆమెతో పాటు ఎవరున్నారన్నదే అసలు సంగతి. ఆమె చెబితే వెళ్తారు, ఎందుకంటే ఆమె వాళ్ళ ఊరి మనిషి. ఒకసారి వెళ్ళొచ్చి "డాక్టరు లేడు, మళ్ళీ రమ్మన్నారు" అంటే ఆమె మాట విలువ పడిపోతుంది. మూడోసారి ఆమె చెప్పినా ఎవరూ కదలరు. అప్పుడు కూడా పై కాగితంలో రాసేది రోగి రాలేదనే. డాక్టరు లేడన్నది రాయడానికి గడి ఉండదు.

అడ్డపొగ దేశంలోనే దీనికి భిన్నంగా జరిగిన పని ఒకటుంది. టాటా పరిశోధన సంస్థ దంత పరిశోధకులు 1960లలో శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి నోళ్ళు చూశారు. 1977లో శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో పొగాకు అలవాటున్న సుమారు 36,000 మందిని తీసుకుని ఇంకో పని మొదలుపెట్టారు. ప్రతి ఏడూ వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి నోరు చూడడం, అలవాటు మానమని వాళ్ళ భాషలో, వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం. అలవాటు మానినవాళ్ళు పెరిగారనీ, కేన్సర్‌కి ముందు వచ్చే మచ్చలు తగ్గాయనీ 1986లో లాన్సెట్‌లో అచ్చయింది. ఏ కొత్త మందూ లేదు, ఏ పెద్ద యంత్రమూ లేదు. వాళ్ళు మళ్ళీ వచ్చారు, అంతే. వచ్చే ఏడు కూడా వస్తారని అవతలివాళ్ళకి తెలిసింది.

*

రిఫరల్ అంటే సమాచారం అనుకుంటాం. నాకది మాట ఇవ్వడం లాగా కనిపిస్తుంది. "నీ నోట్లో ఏదో ఉంది" అని చెప్పడంతోనే మనం ఒక మనిషి రాత్రి నిద్రలోకి చొరబడ్డాం. తెలియక ముందు ఆవిడకి పన్ను నొప్పి ఒక్కటే ఉండేది, ఇప్పుడు భయం కూడా ఉంది. ఆ భయాన్ని పుట్టించినవాళ్ళం దాంతో ఆవిడని ఒంటరిగా వదిలేసి వ్యాను ఎక్కకూడదు. ఎంతవరకు తోడుండాలి అంటే, అందరికీ చివరిదాకా ఉండలేం, నిజమే. కనీసం ఎవరి దగ్గరికి పంపుతున్నామో వాళ్ళకి ముందే చెప్పి ఉండాలి. చీటీ మీద ఊరు పేరుతో పాటు ఒక మనిషి పేరుండాలి, ఒక రోజు ఉండాలి, మాట్లాడే నంబరు ఉండాలి. ఆ రోజు కూలి పోతుందన్న లెక్క క్యాంపు బడ్జెట్లో, టీషర్టుల కన్నా ముందు, ఉండాలి. రానివాళ్ళని ఎందుకు రాలేదో ఒక్కసారి అడగాలి, నిలదీయడానికి కాదు, దారిలో ఏది విరిగిందో తెలుసుకోవడానికి.

ఇవేవీ చేయలేని పరిస్థితుల్లో కూడా ఒకటి చేయొచ్చు. దానికి డబ్బూ అక్కర్లేదు, మనుషులూ అక్కర్లేదు. రాయడం మార్చుకోవచ్చు. 'రోగి రాలేదు' అన్నచోట 'మేం చేర్చలేకపోయాం' అని రాసుకోవచ్చు. రెండూ ఒకే సంఘటనకి పేర్లు. మొదటిది రాసినవాడు ఫైలు మూసేస్తాడు. రెండోది రాసినవాడు, ఎందుకు చేర్చలేకపోయామని, ఇంకో వాక్యం రాయక తప్పదు.